యుద్ధకాలపు నకిలీ విమాన స్థావరాలు (బ్రిటన్)

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబర్ల గురి తప్పించడానికి బ్రిటన్ వైమానిక దళం అసలు స్థావరాలకు కొన్ని మైళ్ల ఎడంగా, జనసంచారం తక్కువగా ఉన్న పొలాల్లో, బీళ్లలో నకిలీ విమాన స్థావరాలను ఏర్పాటు చేసింది. పథకాన్ని వైమానిక మంత్రిత్వ శాఖ ఇంజినీరు కర్నల్ జాన్ టర్నర్ నడిపించాడు. 1940 జనవరిలో మొదలైన ఈ కార్యక్రమం క్రమంగా నగరాలకూ కర్మాగారాలకూ విస్తరించింది. అధికారిక పత్రాల ప్రకారం అన్ని రకాల నకిలీ లక్ష్యాలూ కలిపి ఇంగ్లండ్‌లో 839, బ్రిటన్ మొత్తం మీద దాదాపు 1,000 ఉండేవి.

రకాలు

పగటి స్థావరాలను 'కె', రాత్రి స్థావరాలను 'క్యూ' అనేవారు. 'కె' స్థావరాల్లో చెక్కతో, కాన్వాస్‌తో చేసిన ఉత్తుత్తి విమానాలను నిలిపేవారు. షెపర్టన్‌లోని సౌండ్ సిటీ సినిమా స్టూడియో సెట్టింగుల పనివారు వీటి తయారీలో పాలుపంచుకున్నారు. 'క్యూ' స్థావరాల్లో విమానాల బొమ్మలతో పని లేదు. రన్‌వేను తలపించే దీపాల వరుసలు, నేల మీద విమానం కదులుతున్నట్టు భ్రమ కల్పించే హెడ్‌లైట్లు చాలు. 1940 నవంబరులో కోవెంట్రీ నగరం మీద జరిగిన బాంబు దాడి తర్వాత నగరాల రక్షణకు 'స్టార్‌ఫిష్' కేంద్రాలు వచ్చాయి. అక్కడ పెద్ద మంటలు వేసి, నగరమే తగలబడుతోందని బాంబర్లను నమ్మించేవారు.

అవశేషాలు

యుద్ధం ముగియగానే దీపాలు, తీగలు, డమ్మీలు తీసేశారు. చాలాచోట్ల మిగిలింది సిబ్బంది పనిచేసిన కంట్రోల్ బంకరు ఒక్కటే. 'క్యూ' స్థావరాల బంకర్లలో సాధారణంగా రెండు గదులు ఉంటాయి: ఒకటి జనరేటరుకు, రెండోది సిబ్బందికి. సిబ్బంది గదికి అత్యవసర ద్వారం కూడా ఉండేది. శత్రువు బాంబులను కోరి తమ మీదికి రప్పించుకున్నవారికి మట్టి కప్పిన ఈ గోడలే రక్షణ.

పరిరక్షణ

చెప్పుకోదగ్గ అవశేషాలున్న కేంద్రాలను జాతీయ ప్రాముఖ్యం గలవాటిగా పరిగణించి, 1979 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు ప్రాంతాల చట్టం కింద కాపాడే వీలుంది. సోమర్‌సెట్‌లోని మెండిప్ కొండల్లో ఉన్న బ్లాక్ డౌన్ ఇందుకు మంచి ఉదాహరణ. బ్రిస్టల్ రక్షణకు అక్కడ ఏర్పాటు చేసిన నకిలీ లక్ష్యాన్నీ, అదే కొండ మీది కాంస్యయుగపు సమాధి దిబ్బలనూ కలిపి ఒకే రక్షిత స్థలంగా నమోదు చేశారు.

అయితే బంకరు ఒక్కదాన్నే నిలబెడితే సరిపోదు. రాత్రివేళ దీపాలు దూరం నుంచి కనబడటానికి వీలైన విశాలమైన ఖాళీ నేల ఉండబట్టే ఆ చోటును ఎంచుకున్నారు. చుట్టూ ఇళ్లు లేస్తే ఆ ఎంపికలోని తెలివి ఎవరికీ బోధపడదు. అందుకే బంకరుతో పాటు దాని చుట్టూ ఉన్న బయలునూ, యుద్ధకాలపు పటాలనూ, ఆకాశం నుంచి తీసిన ఫొటోలనూ కలిపి భద్రపరచాలి.