హెచ్‌డీపీఈ పైపు జాయింట్‌పై నీళ్లు పోస్తున్నారా? ఆగండి.. లోపల స్ఫటికాలు కడుతున్నాయి!

భీమవరం, ఉండి, ఆకివీడు.. ఎటు చూసినా రొయ్యలు, చేపల చెరువులే. నీళ్లు పెట్టాలన్నా తోడాలన్నా పైపులు కావాలి. ఈ మధ్య గట్ల మీద నల్లటి హెచ్‌డీపీఈ పైపులు బాగా కనిపిస్తున్నాయి. వీటికి పీవీసీ పైపుల్లా గమ్ము రాసి అతికిస్తే కుదరదు. ఎక్కువగా వేడితో కరిగించి కలుపుతారు.

రెండు పైపుల చివర్లను 200 డిగ్రీలు దాటిన హీటింగ్ ప్లేట్‌కి ఆనిస్తారు. అంచులు కరగగానే ప్లేట్ తీసేసి, రెండింటినీ మెషీన్‌తో నొక్కి పట్టి ఉంచుతారు. అసలు సమస్య ఇక్కడే మొదలు. అవతల మోటారు ఆన్ చేయాలన్న తొందర. త్వరగా చల్లారుతుందని జాయింట్‌కి తడి గుడ్డ చుట్టేస్తారు, లేదంటే బకెట్ నీళ్లు గుమ్మరిస్తారు. చేతికి చల్లగా తగలగానే పని అయిపోయిందనుకుంటారు. కానీ లోపల జరగాల్సింది ఇంకా జరుగుతూనే ఉంటుంది.

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది?

పాలపాకెట్ నుంచి పైపు దాకా అన్నిట్లో ఉండే ఈ ప్లాస్టిక్ పేరు పాలిథిలిన్. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీ ల్యాబ్‌లో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరికి అనుకోకుండా దొరికింది. దీని అణువు ఒక పొడవాటి దారం లాంటిది. కరిగి ఉన్నప్పుడు ఈ దారాలన్నీ ఉడికిన సేమ్యాలా ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. హెచ్‌డీపీఈ సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చల్లారేటప్పుడు మాత్రం ఆ వేడికే గడ్డకట్టదు. ఇంకో పది, పదిహేను డిగ్రీలు దిగాక అక్కడక్కడా చిన్న గింజలు పుడతాయి. పంచదార పాకం ఒకచోట పలుకు కట్టగానే మిగతాదంతా దాని చుట్టూ గడ్డకడుతుంది చూడండి, అలాగన్నమాట.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ స్ఫటికం పలుచని రేకులా ఉంటుంది, మందం 10 నానోమీటర్ల అటూ ఇటూ. దారం మాత్రం అంతకు ఎన్నో రెట్లు పొడవు. మరి అంత దారం ఇంత రేకులో ఎలా ఇమిడింది? 1957లో బ్రిస్టల్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఆండ్రూ కెల్లర్ దీనికి జవాబు చెప్పారు. దారం ముందుకీ వెనక్కీ మడతలు పడుతుందట, చీర కుచ్చిళ్లలా! ఇలాంటి రేకులు ఒక కేంద్రం నుంచి నలువైపులా పెరిగి చిన్న చిన్న బంతులవుతాయి. నెమ్మదిగా చల్లారిస్తే బంతులు పెద్దవి, గబుక్కున చల్లారిస్తే చిన్నవి.

అన్ని దారాలూ మడతల్లోకి వెళ్లలేవు. హెచ్‌డీపీఈలో చాలా భాగం స్ఫటికమే అయినా మిగతాది చిక్కుగానే ఉండిపోతుంది. ఒక రేకులో మొదలై పక్క రేకులోకి దాటే దారాలూ కొన్ని ఉంటాయి. పైపు బలానికి ఇవే కీలకం. జాయింట్‌లోనూ అంతే. ఈ పైపు దారాలు ఆ పైపు దారాలతో కలిసిపోయి స్ఫటికం కడితేనే రెండూ ఒకటవుతాయి.

మరి నీళ్లు పోస్తే నష్టమేంటి?

కరిగిన హెచ్‌డీపీఈ గట్టిపడి మామూలు వేడికి వచ్చేసరికి ఘనపరిమాణం 15 శాతానికి పైగా తగ్గుతుంది. నీళ్లు పడితే పైపొర ముందే బిగుసుకుంటుంది. ఆ తర్వాత లోపలి భాగం ముడుచుకుంటూ పైపొరను లాగుతుంది. లోపల ఒత్తిడి మిగిలిపోతుంది, ఒక్కోసారి ఖాళీలు కూడా ఏర్పడతాయి. అప్పటికి బాగానే కనిపించిన జాయింట్ మోటారు ప్రెషర్ పదే పదే పడ్డాక విడిపోవచ్చు. పంట మధ్యలో అలా జరిగితే రైతు పరిస్థితి చెప్పక్కర్లేదు.

ఫ్యాక్టరీలో పైపును నీళ్లతోనే చల్లారుస్తారు కదా అని అడగొచ్చు. నిజమే. కానీ అక్కడ పైపు చుట్టూ ఒకేలా, లెక్క ప్రకారం చల్లబరుస్తారు. గట్టు మీద బకెట్‌తో ఒక పక్క పోసే నీళ్లకి ఆ లెక్క ఎక్కడిది? జాయింట్‌ని గాలికే వదిలేయాలి, చల్లారేదాకా నొక్కు తీయకూడదు. పైపు గోడ ఎంత మందమైతే అంత ఎక్కువసేపు. ఎన్ని నిమిషాలన్నది పైపు కంపెనీ ఇచ్చే పట్టికలో ఉంటుంది. కొనేటప్పుడు పైపు మీద ఐఎస్ 4984 మార్కు చూసుకోవడం మర్చిపోవద్దు.

కోతల కాలంలో ధాన్యం మీద కప్పే బరకాల సంగతీ ఇంతే. అవి కూడా ఎక్కువగా ఈ ప్లాస్టిక్‌తో నేసినవే. ఎండ తగిలినప్పుడు గాలిలోని ఆక్సిజన్ గట్టి స్ఫటికాల్లోకి దూరలేదు, చిక్కు భాగంలోకి దూరుతుంది. రేకులను కలిపే దారాలు అక్కడే తెగిపోతాయి. రెండు మూడు సీజన్లు ఎండలో పడేసిన బరకం మడత దగ్గర పెళుసుగా చిట్లడానికి కారణం ఇదే. నల్ల పైపులో కలిపే కార్బన్ బ్లాక్ ఈ ఎండనే అడ్డుకుంటుంది. పని అయిపోయాక బరకాన్ని నీడలో పెడితే ఇంకొన్నాళ్లు వస్తుంది.