బాబిన్ చుట్టిన చేతులు

అటక మీది సామాను దించకూడదని నా సిద్ధాంతం. దించితే రెండు జరుగుతాయి. ఒకటి, తుమ్ములు. రెండోది, పోయినవాళ్ళు గుర్తుకు రావడం. తుమ్ములకి మందుంది.

సెలవులకొచ్చిన మా మేనకోడలికి ఈ సిద్ధాంతం తెలీదు. నిచ్చెనేసుకుని ఎక్కి, పాత దుప్పటి చుట్టి ఉన్న పొడుగాటి వస్తువొకటి దింపింది. మా తమ్ముడి బేస్ గిటారు. వాడు పోయి ఆరేళ్ళయింది. 1980ల్లో బెజవాడలో ఆర్కెస్ట్రాతో దసరా పందిళ్ళలోనూ పెళ్ళి రిసెప్షన్లలోనూ వాయించేవాడు. మద్రాసులో ఎవరో అమ్మేస్తుంటే కొన్నది, సెకండ్ హ్యాండుది.

బేస్ గిటారంటే నాలుగే తీగెలు, లావుపాటివి. ఆరు తీగెల గిటారు పాటకి నగలు పెడితే ఇది పాటని మోస్తుంది. ఇళయరాజా పాటల్లో గాయకుడి గొంతు కింద గుండెలా కొట్టుకుంటూ పోయేది ఇదేనని మా తమ్ముడు చూపించేదాకా నాకు తెలీదు. ఇంట్లో ఇల్లాలి లాంటిదన్నమాట. ఉన్నంతసేపూ ఎవరికీ వినబడదు. ఒక్కపూట ఆగితే, ఏదో తక్కువైందే అని అందరూ ఇటూ అటూ చూస్తారు.

పిల్ల దాన్ని తుడిచి, తీగెలు మార్చి, యాంప్లిఫయరుకి తగిలించింది. ఉలుకూ పలుకూ లేదు. మల్టీమీటరు పెట్టి చూసి, "పికప్ పోయింది అత్తయ్యా, కొత్తది వేయించాలి. పది రోజుల్లో మా కాలేజీలో ప్రోగ్రాముంది" అంది.

"వాడి గిటారు గొంతు మార్చేస్తావా? అలాగే ఉంచి బాగు చేయించరాదూ?" అన్నాను. అన్నానే గానీ, ఆ గొంతు ఎక్కడుంటుందో నాకు తెలిస్తేగా! ఆ రాత్రి నిద్ర పట్టక దాని పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను.

పికప్ అంటే మైకు కాదు. అయస్కాంతానికి చుట్టూ సన్నటి రాగితీగె వేలకొద్దీ చుట్లు చుడితే అది పికప్. పైన ఉక్కుతీగె కదిలినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం కదులుతుంది. దాంతో రాగిచుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరు దాన్నే పెద్దది చేసి వినిపిస్తుంది. అంటే గాలిలో శబ్దాన్ని కాకుండా తీగె ఊగడాన్నే అది పట్టుకుంటుంది. నైలాను తీగెలు కడితే దానికి చెవుడే!

దీన్ని గిటారుకి పనికొచ్చేలా చేసినవాళ్ళలో ముఖ్యుడు కాలిఫోర్నియాలోని జార్జ్ బోషాంప్. వాళ్ళ భోజనాల బల్లే ఆయన ప్రయోగశాల. ఇంట్లోని గ్రామఫోను విప్పేశాడు. తీగె చుట్టడానికి బట్టలుతికే మిషను మోటారు వాడాడని, తర్వాత కుట్టుమిషను మోటారు పెట్టారని చెబుతారు. ఆ ఇల్లాలు ఏమందో చరిత్ర రాసినవాళ్ళు రాయలేదు. నాకు మాత్రం వినబడింది! 1931లో తయారైన ఆ మొదటి గిటారు గుండ్రటి ఒళ్ళు, పొడుగాటి కాడతో ఉండేసరికి దానికి 'ఫ్రయింగ్ పాన్' అని పేరొచ్చింది. మన భాషలో పెనమే. 1932లో అమ్మకానికొచ్చింది. పేటెంటు చేతికొచ్చేసరికి 1937 అయింది.

అప్పట్లో బేస్ వాయించాలంటే మనిషెత్తు వాయులీనం లాంటి డబుల్ బేస్‌ని భుజానేసుకుని ఊళ్ళు తిరగాలి. అంతా చేసి, ట్రంపెట్ల హోరులో అది వినబడేదీ కాదు. సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే సంగీతం మాస్టారు 1936 ప్రాంతంలో దాన్ని గిటారంత చేసి, పికప్ పెట్టి, ఒళ్ళో పట్టుకు వాయించేలా చేశాడు. దాన్ని వాయించినవాళ్ళలో ఆయన భార్య లొరేన్ ఒకరు. ఎలక్ట్రిక్ బేస్ పుట్టిన తొలిరోజుల్లోనే ఆడదాని చేతిలో పడిందన్నమాట. పాపం, అది ఎక్కువ అమ్ముడుపోలేదు.

లోకమంతా తిరిగిన బేస్ మాత్రం లియో ఫెండర్‌ది. ఆయన ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసేవాడు. గిటారు వాయించడం రాదు. అయినా 1951లో 'ప్రెసిషన్ బేస్' చేశాడు. మెట్లున్నాయి గనుక వేలు పెట్టినచోట స్వరం కచ్చితంగా పలుకుతుంది. అందుకే ఆ పేరు. మొదట్లో దాని పికప్ ఒకే చుట్ట. ట్యూబులైటు రొదలాంటి 'గుయ్' మనే శబ్దం దానికి అంటుకునే ఉండేది. 1957లో ఆ చుట్టని రెండు ముక్కలు చేసి, రెండేసి తీగెల కింద ఒక్కో ముక్క పెట్టారు. ఒకదాని చుట్టూ, అయస్కాంతమూ రెండోదానికి తిరగేసి ఉంటాయి. బయటి రొద రెండింట్లోనూ ఎదురుబొదురుగా వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పాట మాత్రం మిగులుతుంది. తోడికోడళ్ళిద్దరూ పోట్లాడుకుని ఇల్లు ప్రశాంతంగా ఉండటం ఇక్కడొక్కచోటే చూశాను.

సరే, ఆ వేలవేల చుట్లు ఎవరు చుట్టేవారు? ఇక్కడే నా నిద్ర పూర్తిగా పోయింది. ఆడవాళ్ళు! అబిగేల్ ఇబార్రా అనే ఆవిడ 1956లో ఫెండర్ కర్మాగారంలో చేరింది. మిషను తిరుగుతుంటే, వెంట్రుకలాంటి తీగెని వేళ్ళ మధ్య పట్టుకుని, తెగకుండా, వదులవకుండా నడిపించేది. గట్టిగా లాగితే తెగుతుంది, వదిలేస్తే చుట్ట ఉబ్బుతుంది. ఆ పట్టు తేడాలోనే గొంతు తేడా ఉంటుందంటారు. చాలా ఏళ్ళు ఆవిడ పేరు ఎవరికీ తెలీదు. పెద్దదయ్యాక మాత్రం ఆవిడ చుట్టినవాటి మీద ఆవిడ సంతకమే ఉండేది. దాన్ని చూసి వెతుక్కుని కొనేవారు. 2013లో పని మానింది.

వాయించినవాళ్ళలో కేరల్ కే ఉంది. 1963లో ఒక రికార్డింగుకి బేస్ వాయించేవాడు రాకపోతే, గిటారు వాయించడానికొచ్చిన ఈవిడ ఆ బేస్ అందుకుంది. మళ్ళీ దింపలేదు. అమెరికన్ సినిమాల్లో, టీవీల్లో, పాటల్లో ఆవిడ వాయించినవి వేలల్లో ఉన్నాయి. రికార్డు అట్టల మీద ఆవిడ పేరు వెయ్యడం మాత్రం చాలాసార్లు మర్చిపోయారు.

ఇక పికప్ మార్చుకునే అలవాటు తర్వాతి కథ. 1965లో ఫెండర్ కంపెనీని పెద్ద సంస్థ కొన్నది. పాత పనితనం పోయిందని వాయించేవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. 1970ల్లో న్యూయార్క్‌లో లారీ డిమార్జియో, 1976 నుంచి కాలిఫోర్నియాలో సేమూర్ డంకన్, కేథీ కార్టర్ డంకన్ కలిసి, విడిగా పికప్‌లు చేసి అమ్మారు. గిటారు అదే ఉంచి గొంతు మార్చుకోవచ్చని అప్పటినుంచే మామూలువాళ్ళకి తెలిసింది.

మనకేం సంబంధం అంటారా? పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ని తలుచుకోండి. మాండలిన్ నాదం పుట్టినంతలోనే ఆరిపోతుంది. గమకం పలకాలంటే అది నిలవాలి. ఆ పిల్లవాడు ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని త్యాగరాజ కీర్తనల్ని దానిమీద సాగదీసి వాయించాడు. 2014లో పోయాడు గానీ, ఆ నాదాన్ని నిలబెట్టినవాటిలో ఆ చిన్న రాగిచుట్టకీ వాటా ఉంది.

తెల్లారేసరికి నేను పండితురాలినైపోయాను. "ఏ పికప్ తెప్పిస్తున్నావే?" అని అడిగాను. పిల్ల వేళ్ళు మడిచి చెప్పింది. ముందు ఆకారం కలవాలి, లేకపోతే చెక్క చెక్కాలి. తర్వాత అయస్కాంతం. అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిసిన అల్నికో అయితే గొంతు మెత్తన, సిరామిక్ అయితే కాస్త గదమాయింపు. ఆ తర్వాత నిరోధం. మామూలుగా ఈ రకానికి పది వేల ఓములకి అటూ ఇటూ ఉంటుంది. చుట్లు పెరిగితే జోరు పెరుగుతుంది, కానీ పై స్వరాల మెరుపు తగ్గుతుంది. చారులో చింతపండు ఎక్కువేస్తే మిరియం ఘాటు తెలీనట్టు. పిల్ల అల్నికోదే తెప్పించింది. "నాన్నది మెత్తగానే ఉండేది కదా?" అని నన్నడిగి మరీ.

వచ్చిన రోజు వంటింటి బల్ల మీదే శస్త్రచికిత్స. తీగెలు వదులు చేసింది. మరలు విప్పింది. పాత తీగెలు ఏవి ఎక్కడ అతికి ఉన్నాయో ముందు బొమ్మ గీసుకుంది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా పాత పికప్ రెండు ముక్కలకీ విడివిడిగా మీటరు పెట్టింది. "ఒక ముక్క చచ్చిపోయింది. రెండోది బతికే ఉంది. వరసలో కలిపినవి కదా, ఒకటి తెగితే రెండూ మూగే" అంటూ బతికున్న దాన్ని తిప్పి చూసి, "ఇదేమిటి అత్తయ్యా, దీనికి దారం చుట్టారు!" అంది.

కంపెనీ చుట్టినదానికి నల్లటి నూలుంది. దీనికి మాత్రం వంగపండు రంగు కుట్టుదారం.

ఆ దారం నాది. 1984 వేసవిలో మా ఆడపడుచు పెళ్ళికి జాకెట్లు కుడుతున్నాను. ఇంటికొచ్చిన తమ్ముడు నా మిషను ముందు కూర్చుని, బాబిన్ చుట్టే చక్రానికి ఏదో కట్టి, పాడైన రేడియో ట్రాన్స్‌ఫార్మరులోని సన్నతీగె దానికి చుడుతున్నాడు. తీగె తెగుతోంది, మళ్ళీ మొదలెడుతున్నాడు. రెండు రోజులు నా మిషను నాకివ్వలేదు. "బుద్ధుందా నీకు? ఆ పిచ్చి డబ్బా కోసం నా పనంతా పాడుచేస్తావా?" అని అందరి ముందూ తిట్టాను. వాడేం అనలేదు. అడగకుండా నా దారం మాత్రం తీసుకుపోయినట్టున్నాడు. సాయంత్రం మిషను తుడిచి, నూనె వేసి, వెళ్ళిపోయాడు. ఏం చేశాడో నేనడగలేదు, వాడు చెప్పలేదు.

అంటే ఇన్నాళ్ళూ ఏ గొంతు మార్చొద్దని నేను పట్టుబట్టానో, అందులో సగం వాడప్పటికే మార్చేశాడు. కంపెనీవాళ్ళు చుట్టింది తెగింది. ఏడ్చి మొత్తుకుని నా మిషను మీద చుట్టింది బతికుంది.

నా ముఖం చూసి పిల్ల ఐరన్ పక్కన పెట్టింది. "వద్దంటే ఆపేస్తా అత్తయ్యా. చచ్చిన ముక్కని మళ్ళీ చుట్టించొచ్చు. ప్రోగ్రాముకి ఇంకోళ్ళ గిటారు అడుగుతా."

"ఆపడమెందుకు? వాడు ఆపాడా? కానీ" అన్నాను.

కొత్తదాని పని జరిగే తీగెని వాల్యూము కంట్రోలుకీ, రెండోదాన్ని దాని వీపుకీ అతికింది. తీగెలు బిగించకముందే స్క్రూడ్రైవరుతో అయస్కాంతాల మీద మెల్లిగా తట్టి, 'టక్ టక్' మని వినబడ్డాక తృప్తిగా తలూపింది. తీగెలకి మరీ దగ్గరగా పెడితే అయస్కాంతం వాటిని లాగుతుందట. లావు తీగెల వైపు కాస్త దించింది. ఆ తర్వాత మొదటి స్వరం మీటింది. బల్ల మీది స్టీలు గ్లాసులు సన్నగా వణికాయి.

అదే గొంతా? కాదు. కొంచెం కొత్తగా ఉంది. దాని వేళ్ళు దానివి కదా!

పాత పికప్ ఇప్పుడు నా బొత్తాల డబ్బాలో, బాబిన్ల పక్కన ఉంది. సంక్రాంతికొచ్చినప్పుడు ఆ చచ్చిన సగాన్ని చుడతానని పిల్ల అంటోంది, నా మిషను మీదే. మొన్ననే మిషనుకి నూనె వేసి ఉంచాను. ఈసారి తిట్టను. తీగె తెగితే పక్కన కూర్చుని పట్టుకుంటాను.