హై యాంగిల్, లో యాంగిల్ (ఛాయాగ్రహణం)

ఛాయాగ్రహణంలో కెమెరాను వస్తువు కంటే ఎత్తున ఉంచి కిందికి వంచి తీసిన చిత్రాన్ని హై యాంగిల్ (ఎగువ కోణం) చిత్రమనీ, వస్తువు కంటే తక్కువ ఎత్తులో ఉంచి పైకెత్తి తీసిన దానిని లో యాంగిల్ (దిగువ కోణం) చిత్రమనీ అంటారు. ఈ రెండింటికీ నడుమ ఉండేది కంటి మట్టం. కోణం మారినప్పుడు వస్తువు ఆకారం, నేపథ్యం, చూసేవారికి కలిగే అభిప్రాయం మూడూ మారిపోతాయి. చెట్టూ చేమా తక్కువగా ఉండి, నేలా నింగీ విశాలంగా పరచుకొన్న అనంతపురం కరువు పీఠభూమిలో ఈ తేడా కొట్టవచ్చినట్లు తెలుస్తుంది.

ఆకారంపై ప్రభావం

హై యాంగిల్‌లో దిగంతరేఖ చిత్రం పైభాగానికి జరుగుతుంది, లేదా పూర్తిగా తొలగిపోతుంది, నేలే నేపథ్యమవుతుంది. గుత్తి కోట పైనుండి తీసిన చిత్రంలో పొలాల గట్లు, దారులు పటంలో గీసినట్లు కనిపించడానికి కారణం ఇదే. లో యాంగిల్‌లో నేపథ్యం ఆకాశం.

ఎత్తైన వస్తువు ముందు నిటారుగా నిలబడినా అది లో యాంగిలే. లేపాక్షి ఏకశిలా నంది ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు సుమారు 27 అడుగులు. కెమెరా 5 అడుగుల ఎత్తున ఉందనుకొంటే, 10 అడుగుల దూరం నుండి నంది అగ్రభాగాన్ని చూడాలంటే చూపు 45 డిగ్రీలు పైకెత్తాలి. 40 అడుగుల దూరం నుండి అయితే 14 డిగ్రీలు చాలు. దగ్గరి నుండి తీస్తే రొమ్ము పెద్దదై తల చిన్నదవుతుంది. కాబట్టి నిష్పత్తులు సరిగా కావాలంటే వెనుకకు నడవడమే ఉత్తమం. అయితే లేపాక్షి వీరభద్రాలయంలోని 16వ శతాబ్దపు పైకప్పు చిత్రాలకు ఈ చిక్కు లేదు. కెమెరాను నేలపై వెల్లకిల పెడితే లోపలి ఫిల్ము లేదా సెన్సరు కప్పుకు సమాంతరంగా ఉంటుంది గనుక బొమ్మ వంకర పోదు.

కదిరి సమీపాన ఉన్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. కింది నుండి ఊడలు స్తంభాల్లా కనిపిస్తాయే గాని, సుమారు ఐదు ఎకరాల ఆ విస్తీర్ణం పైనుండి తప్ప తెలియదు. (లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.)

చరిత్ర

1858లో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు నాదార్ బెలూన్ నుండి చిత్రం తీశాడు. బొడ్డు దగ్గర పెట్టుకొని తీసే కెమెరా చూపును రష్యాకు చెందిన రోద్చెంకో 1920లలో విమర్శించి, మేడల పైనుండీ అడుగు నుండీ చిత్రాలు తీశాడు. 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్ కూడా నడుము దగ్గర పట్టుకొనేదే. అలాంటి కెమెరాతో నిలువెత్తు మనిషిని తీస్తే, తీసేవారు కోరకపోయినా కొద్దిపాటి లో యాంగిల్ వస్తుంది.

కరువు చిత్రాలు

పైనుండి తీసిన మనిషి పొట్టిగా, నిస్సహాయంగా కనిపిస్తాడు; కింది నుండి తీస్తే ధీరుడనిపిస్తాడు. కూర్చున్న రైతును నిలబడి తీసిన చిత్రం, అతడు తలెత్తి చూస్తే, యాచిస్తున్నట్లు ఉంటుంది. ఆ దైన్యం రైతుది కాదు, కెమెరాది. తీసేవారు కూడా గట్టుపై కూర్చుంటే ఈ దోషం పోతుంది.

పగుళ్లు బారిన చెరువు అడుగును పైనుండి తీయడం పత్రికలకు అలవాటు. కాని సాధారణ వేసవిలోనూ చాలా చెరువులు ఎండుతాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే ఉన్న ఈ ప్రాంతంలో వేరుశనగ పంటకు వచ్చే కరువు వేరు. పూత తరువాత ఊడలు నేలలోకి దిగి కాయలు ఊరాలి. ఆ సమయంలో వాన మొహం చాటేస్తే నేల గట్టిపడి ఊడ దిగదు. దిగినా కాయ పట్టదు. ఆకు మాత్రం కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. హై యాంగిల్‌లో ఆ చేను పండిన చేనులాగే కనిపిస్తుంది. సాళ్ల మధ్య కెమెరాను నేలకు ఆనించి తీస్తేనే మట్టిని అందుకోలేక ఎండిన ఊడలు కనిపిస్తాయి. ఈ కోణంలో వెనుక ఆకాశపు వెలుగు వల్ల మొక్క నల్లబడుతుంది. ఎక్స్‌పోజరును ఒకటి, ఒకటిన్నర స్టాపులు పెంచుకోవాలి.