ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ బోధన: ఉత్తరాంధ్రలో తెలుగు స్థానం

గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. ఆయన నడిపిన వాడుక భాషోద్యమాన్ని సాహిత్య శైలికి సంబంధించిన వివాదంగా చూడడం పరిపాటి. అయితే రామమూర్తి వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. చదువుకొనేవారికి తెలిసిన భాషలోనే పాఠం ఉండాలన్న పట్టుదల ఆ ఉద్యమానికి మూలం. అదే ప్రశ్న నేడు ఆ ప్రాంతపు కంప్యూటర్ సైన్స్ తరగతి గదిలో మళ్లీ ఎదురవుతున్నది.

భావన పుట్టుక

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కు తొలిరూపం నార్వేలో ఏర్పడింది. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ 'సిమ్యులా 67' భాషను రూపొందించారు. లోకంలో జరిగే పనులను కంప్యూటరులో అనుకరించడం వారి లక్ష్యం. వారి ముందున్న ఉదాహరణల్లో ఒకటి టోల్ వంతెన వద్ద బారులు తీరిన లారీలు, బస్సులు. అన్ని వాహనాలకూ ఉమ్మడిగా ఉన్న లక్షణాలను ఒకచోట రాసి, బస్సుకూ లారీకీ ప్రత్యేకమైనవాటిని విడిగా చేర్చే పద్ధతే తరువాత 'ఇన్‌హెరిటెన్స్'గా స్థిరపడింది. కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తూ సిమ్యులాను వాడిన బ్యార్న్ స్ట్రౌస్ట్రప్, 1979లో బెల్ ల్యాబ్స్‌లో ఆ భావనను సి భాషకు జోడించే పని మొదలుపెట్టారు. 1983లో దానికి 'సి ప్లస్ ప్లస్' అన్న పేరు వచ్చింది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను విడుదల చేసింది.

ఉత్తరాంధ్రకు రాక

1997లో విజయనగరంలో ఎం.వి.జి.ఆర్. కళాశాల, నాటి శ్రీకాకుళం జిల్లా రాజాంలో జి.ఎం.ఆర్. ఇన్‌స్టిట్యూట్ ఏర్పడ్డాయి. 2007లో విజయనగరంలో జె.ఎన్.టి.యు. కళాశాల వచ్చింది. 2022లో అది గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమైంది. ఇటువంటి తరగతుల్లో అధ్యాపకుని వివరణ తరచుగా తెలుగులో సాగుతుంది. పాఠ్యపుస్తకం, పరీక్ష మాత్రం ఆంగ్లంలో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి విని గ్రహించినదాన్ని అదే భాషలో తిరిగి చదువుకోలేడు, రాయలేడు. అర్థమైన విషయాన్ని కూడా ఆంగ్ల నిర్వచనంగా కంఠస్థం చేయవలసి వస్తుంది.

పరిభాష, వివరణ

దీనికి పారిభాషిక పదాల అనువాదమే పరిష్కారమని భావించడం సులభం. కాని 'క్లాస్'కు 'తరగతి' అంటే బడిగది స్ఫురిస్తుంది. 'ఇన్‌హెరిటెన్స్'కు 'వారసత్వం' అంటే ఆస్తి పంపకం గుర్తుకు వస్తుంది. ఆస్తి పంచితే తగ్గుతుంది. ప్రోగ్రాములో మాతృక్లాసు ఏమీ కోల్పోదు, దాని నుంచి వచ్చిన ప్రతి క్లాసూ ఆ లక్షణాలన్నింటినీ పొందుతుంది. తల్లి పోలిక బిడ్డలందరికీ వచ్చినా తల్లిలో తరగదన్న మాట ఈ విషయాన్ని మరింత దగ్గరగా చెబుతుంది.

వ్యాకరణ శాస్త్రంలోనూ సమీపమైన చర్చ ఉంది. శబ్దానికి అర్థం ఆకృతి అని వాజప్యాయనుడు, ద్రవ్యమని వ్యాడి భావించారు. 'గోవు' అన్న మాట గోవులన్నింటికీ సామాన్యమైన రూపాన్ని చెబుతుందా, ఎదుట ఉన్న ఆవును చెబుతుందా అన్నది అక్కడి ప్రశ్న. క్లాస్, ఆబ్జెక్ట్ భేదాన్ని పరిచయం చేయడానికి ఇది తోడ్పడుతుంది. అయితే ప్రోగ్రాములో క్లాసును మనిషే నిర్వచిస్తాడు, ఆబ్జెక్టులు ఆ నిర్వచనం నుంచి తయారవుతాయి. ఈ తేడాను విడమరచి చెప్పేది పదం కాదు, వాక్యం.

ముగింపు

2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు వీలు కల్పించింది. ఆ వీలు ఫలించాలంటే క్లాస్, ఆబ్జెక్ట్ వంటి పదాలను అలాగే ఉంచి, వాటి చుట్టూ తెలుగు వచనాన్ని నిర్మించాలి. ఓస్లో శాస్త్రవేత్తలు ఊహించిన వాహనాల బారు శ్రీకాకుళం విద్యార్థికి మడపాం టోల్‌గేటు వద్ద కనబడేదే. తరగతి గదిలో మౌఖికంగా ఇప్పటికే ఉన్న ఆ వివరణ గ్రంథస్థం కావాలి. సాహిత్యంలో వాడుక భాష గెలిచింది. సాంకేతిక పాఠ్యపుస్తకంలో దాని ప్రవేశం ఇంకా మిగిలే ఉంది.