సహారా ఎడారిలో ఇనుప ఖనిజపు రైలు

బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస–కిరండూల్ మార్గంలో కొండలు తొలుస్తున్న రోజులు మన సభ్యులలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. అదే దశాబ్దంలో సహారా ఎడారి పడమటి అంచున కూడా ఇనుప ఖనిజం కోసమే ఒక రైలు మార్గం పడింది. అది మౌరిటానియా దేశంలోనిది.

జువేరాత్ గనుల నుండి అట్లాంటిక్ తీరాన ఉన్న నువాధిబూ రేవు వరకు సుమారు 650 కిలోమీటర్ల లైను. ఫ్రెంచి పెట్టుబడి ప్రధానంగా గల మిఫెర్మా కంపెనీ దీనిని నిర్మించి 1963లో రవాణా ప్రారంభించింది. దారిలో చూమ్ వద్ద చిక్కు వచ్చింది. స్పానిష్ సహారా సరిహద్దు అక్కడ మూల తిరుగుతుంది. ఆ మూలను కోసుకుంటూ పోతే చదును నేలే. కానీ స్పెయిన్‌తో షరతులు కుదరలేదు. అందుచేత సరిహద్దుకు ఇవతలే రాతికొండలో దాదాపు 2 కిలోమీటర్ల సొరంగం తొలిచారు! కొండ అడ్డం వచ్చి కాదు, పటంలో గీత అడ్డం వచ్చి తొలిచిన సొరంగమిది. తరువాతి కాలంలో స్పెయిన్ వెళ్లిపోయాక లైనును చదును నేల మీదికే మళ్లించారు. సొరంగం వృథాగా మిగిలింది.

కార్మికుల సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. పెద్ద ఉద్యోగాలు, మంచి జీతాలు ఐరోపావారివి. ఎండలో పని స్థానికులది. 1968 మేలో జువేరాత్ కార్మికులు సమ్మె చేస్తే సైన్యం కాల్పులు జరిపింది. కనీసం 8 మంది మరణించారు. సమ్మె అంటే ఏమిటో తెలిసిన మనకు దీనిపై వ్యాఖ్య అక్కరలేదు. 1974 నవంబరు 28న, స్వాతంత్ర్య దినం నాడే, ప్రభుత్వం కంపెనీని జాతీయం చేసింది. స్నిమ్ అనే సంస్థ దానిని నడుపుతున్నది.

అంతలోనే పశ్చిమ సహారా కోసం యుద్ధం వచ్చిపడింది. దేశానికి రాబడి ఈ లైను మీదుగానే వస్తుందని పొలిసారియో దళాలకు బాగా తెలుసు. రైళ్లపై దాడులు చేశారు. 1977 మే 1న జువేరాత్ మీదే పడ్డారు. 1978లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. 1979 ఆగస్టులో సంధి కుదిరింది.

ఒక్కొక్క రైలు రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, 200కు పైగా వ్యాగన్లు. గాలి తెచ్చే ఇసుక పట్టాలను కప్పేస్తుంది, చక్రాలను అరగదీస్తుంది. దానిని తొలగించే గ్యాంగులకు ఆ పని ఏనాడూ పూర్తి కాదు.