తుమ్మిన ఫెర్రెట్

ఇన్‌ఫ్లుయెంజా మనుషులకు వైరస్ వలన వస్తుందని రుజువు కావడానికి తోడ్పడిన ప్రాణి ఫెర్రెట్. చూపులకు మన ముంగిసను పోలి ఉంటుంది గాని ఆ కుటుంబానిది కాదు. నీటికుక్కకు దగ్గరి చుట్టం. కలుగుల్లోని కుందేళ్లను బయటికి తరమడానికి ఐరోపావారు దీనిని రెండు వేల ఏళ్లుగా పెంచుతున్నారు. నేడు పాశ్చాత్య దేశాలలో ఇది ఇంటి పెంపుడు జంతువు. అక్కడ స్థిరపడిన మన పిల్లల ఇళ్లలోనూ మీకు తారసపడవచ్చు.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి, రైలు మార్గాల వెంట పాకి, మన దేశంలోనే కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కనుగొన్న బాక్టీరియాయే అందుకు కారణమని చాలామంది వైద్యులు నమ్మారు. ఆ నమ్మకాన్ని పరీక్షించాలంటే ఈ జబ్బు సోకే ప్రయోగ జంతువు కావాలి. అదే దొరకలేదు.

దొరికింది మరో దారిలో. లండన్ శివారు మిల్ హిల్‌లో లెయిడ్లా, డంకిన్ అనేవారు కుక్కల డిస్టెంపర్ వ్యాధిని పరిశోధిస్తూ, అది ఫెర్రెట్లకు సులువుగా సోకుతుందని గమనించారు. 1933లో లండన్‌లో ఫ్లూ చెలరేగినప్పుడు విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా కలిసి రోగులు పుక్కిలించిన నీటిని బాక్టీరియా దాటలేని వడపోత గుండా పంపి, ఫెర్రెట్ల ముక్కుల్లో వేశారు. రెండు రోజులకే అవి జ్వరపడి తుమ్మసాగాయి. ఇంతలో స్మిత్‌కూ ఫ్లూ వచ్చింది! ఆయన గొంతు నుండి సేకరించిన వైరస్‌కు ఆయన పేరులోని తొలి అక్షరాలతో డబ్ల్యూ.ఎస్. అని పేరు పెట్టారు.

1936లో ఇంకొక వింత జరిగింది. జబ్బుపడిన ఫెర్రెట్‌ను పరీక్షిస్తున్న స్టువర్ట్-హారిస్ అనే వైద్యుని ముఖం మీద అది తుమ్మింది. రెండు రోజుల లోపే ఆయన మంచం పట్టారు. ఆయన గొంతులో అదే వైరస్ దొరికింది. మనిషి నుండి ఫెర్రెట్‌కు, ఫెర్రెట్ నుండి మనిషికి దారి తెరిచే ఉందని అలా తేలిపోయింది. వైరస్ అతుక్కునే కణాల అమరిక ఇరువురి శ్వాసనాళాల్లోనూ దాదాపు ఒకే తీరు. అందుకే నేటికీ ఫ్లూ టీకాల పరిశోధనలో ముందు ఫెర్రెట్‌నే తలుస్తారు.

ఇంట్లో పెంచేవారికి ఈ చరిత్ర ఉపయోగం ఇక్కడే. 2009లో స్వైన్ ఫ్లూ ప్రబలినప్పుడు అమెరికాలో యజమానుల నుండి పెంపుడు ఫెర్రెట్లకు అది సోకింది. కనుక మీకు జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో దాని మేత, శుభ్రత మరొకరికి అప్పగించండి. తప్పనిసరైతే మాస్కు కట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కొని దగ్గరికి వెళ్లండి. అది తుమ్ముతున్నప్పుడు పసిపిల్లలను, వృద్ధులను, ఆస్తమా రోగులను దూరంగా ఉంచండి. పసిపిల్లల వద్ద దానిని ఒంటరిగా ఏనాడూ వదలరాదు, కరుస్తుంది.

మిల్ హిల్ నేర్పిన రెండవ పాఠం డిస్టెంపర్. ఫెర్రెట్‌కు ఆ వ్యాధి సోకితే బతకడం అరుదు. కుక్కలకిచ్చే కొన్ని సజీవ టీకాలే దానికి ఆ వ్యాధిని తెచ్చిపెట్టగలవు. పశువైద్యుడు ఫెర్రెట్‌కు సురక్షితమని చెప్పిన టీకానే వేయించాలి. రేబిస్ టీకా సంగతీ ఆయననే అడగండి.

ఇక వేడి. ఫెర్రెట్‌కు చెమట పట్టి ఒళ్లు చల్లబడే వసతి లేదు. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ ముప్పు. మన వేసవిలో 40 దాటే ఊళ్లలో ఏసీ లేని గదిలో దీనిని పెంచాలనుకోవడం, నా దృష్టిలో, ఆ ప్రాణికి చేసే అన్యాయమే.