రేగడి మీద వాకిలి

మా అత్తగారు కాపురానికి వచ్చిన నాటి నుంచి ముగ్గేసిన వాకిలిని మేము మూడేళ్లలో పాడుచేశాం. నంద్యాల దగ్గర నల్లరేగడి ఊరు మాది. పాత బండలు ఎత్తుపల్లాలుగా ఉన్నాయని తీసేయించి, రేగడి మీదనే కాంక్రీటు పోయించాం. మొదటి ఎండాకాలానికి సన్నటి బీట పడింది. రెండో వానాకాలానికి నడుమ ఉబ్బింది. మూడో ఏడు ఆ ఎత్తుకు కాలు తగిలి అత్తగారు పడ్డారు, మణికట్టు విరిగింది. అప్పుడు గానీ కాళ్ల కింద మట్టి గురించి నేను ఆలోచించలేదు.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, నాకు మొదట దొరికింది మాటే. భూగోళ పుస్తకాల్లో నల్లమట్టిని ‘రెగర్’ అంటారు. అది మన ‘రేగడి’ నుంచి వెళ్లిన మాటే! ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఎక్కువ. దాని పొరల మధ్యకు నీళ్లు చేరితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది.

మన పెద్దవాళ్లకు ఆ పేరు తెలియకపోయినా గుణం తెలుసు. ఒకప్పుడు మట్టి వాకిళ్లే. నెర్రె వస్తే మట్టితో పూడ్చి, పేడతో అలికేవాళ్లు. తర్వాత దగ్గరలోని బేతంచెర్ల బండలు వచ్చాయి. వాటిని గరుసు, ఇసుక మీద ఊరికే పరిచారు. నేల లేస్తే బండ లేస్తుంది, దిగితే దిగుతుంది, పగలదు. మేము లోపమనుకున్న ఆ ఎత్తుపల్లాల వల్లే ఆ వాకిలి అన్నేళ్లు నిలిచింది.

ఇళ్ల గోడల సంగతి వేరు. వాటి కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950లలో, అడుగున గుండ్రంగా ఉబ్బెత్తు ఉండే కాంక్రీటు పైల్‌ను రూపొందించింది. రేగడిలో దాన్ని సుమారు 3.5 మీటర్ల లోతుకు దింపుతారు. వానకూ ఎండకూ మట్టి కదలని లోతు అది. వాకిలికి అంత ఖర్చు ఎవరు పెడతారు?

“రేగడిని బరువు పెట్టి అణచాలంటే ఎట్లమ్మా? కదలనియ్యాల,” అన్నారు అత్తగారు, చేతికి కట్టుతోనే.

ఈసారి ఆమె చెప్పినట్టే చేశాం. అడుగున్నర రేగడి తీసేసి, గరుసు పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాం. పైన రెండంగుళాల ఇసుక, దాని మీద బండలు. సందుల్లోనూ ఇసుకే. గరుసులో నీళ్లు నిలిస్తే మళ్లీ మొదటికొస్తుందని, పదడుగులకు రెండంగుళాల చొప్పున కాలువ వైపు వాటం ఇచ్చాం. గోడ వారనున్న మల్లెపాదును, అరటిని దూరంగా మార్చాం. పాదుకు రోజూ నీళ్లు పోస్తే ఆ పక్క నేల ఒక్కటే ఉబ్బుతుంది. పెద్ద చెట్టయితే వేళ్లు నీళ్లు పీల్చి ఆ పక్క నేలను కుంగదీస్తాయి.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక బండ కొంచెం లేచింది. గడ్డపారతో ఎత్తి, కింద ఇసుక కాస్త తీసి, మళ్లీ వేశాం. అరగంట పని. అత్తగారు ఇప్పుడు పీట వేసుకుని ముగ్గు పెడుతున్నారు. వంగలేరు గానీ, వాకిలికి రావడానికి భయపడటం లేదు.

మీ ఇల్లూ రేగడి మీదే ఉంటే, వాకిలికి కాంక్రీటు పోయించే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి. మేము అడగలేదు.